గుడి పేరు, బడి పేరు

మా పంతులమ్మగారు పోయారు. కబురు తెచ్చింది జగ్గయ్యపేట బస్సు కండక్టరు. నందిగామ దగ్గర మా బడి ముందు బస్సు ఆపించి, తల బయటపెట్టి, "టీచరుగారండీ, పంతులమ్మగారు పొద్దున్నే పోయారండి. మూడింటికి తీసుకెళ్తారంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. అతనూ ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాడే. కళ్ళు తుడుచుకుంటూనే విజిల్ వేశాడు. నేను మాత్రం ఏమీ జరగనట్టు పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తూ నిలబడ్డాను. ఎక్కం అయ్యేదాకా ఏడుపు రాలేదు. వచ్చాక ఆపుకోవడం నా చేతకాలేదు. ముందు బెంచీ పిల్లలు భయపడి పక్క గదిలోకి పరిగెత్తారు.

మీలో చాలామందికి ఆవిడ ఎవరో తెలియదు. జగ్గయ్యపేట శివార్లలో, మా క్రైస్తవుల పేటలో ఉన్న మిషను ఎలిమెంటరీ బడికి ఆవిడ హెడ్డు. భర్త చిన్న వయసులోనే పోయారు. పిల్లలు లేరు. బడి పక్కనే రెండు గదుల పెంకుటిల్లు. తెల్లచీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి. చంకలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు ఉండేది గానీ, దాన్ని విప్పగా చూసినవాళ్ళు తక్కువ. కుక్కల్ని అదిలించడానికీ, బడి ఎగ్గొట్టి చింతచెట్టెక్కిన వాళ్ళను కిందికి దించడానికీ వాడేవారు. సన్మానాలూ దండలూ ఆవిడకు ఎవరూ చెయ్యలేదు. చేసి ఉంటే ఆ దండ తీసి మేకకు పెట్టేవారు.

మా పేటంతా సలహా కోసం ఆవిడ గుమ్మం తొక్కేది. పిల్లనివ్వచ్చా, గేదెను అమ్మచ్చా, అలిగి వెళ్ళిన అన్నను పెళ్ళికి పిలవచ్చా, అన్నిటికీ ఆవిడే. ఆవిడ అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "ఒక పూట ఆగు. నేనూ అడుగుతా, నువ్వూ అడుగు" అనేవారు. అడగడమంటే దేవుణ్ణి. అలాగని ఆ పూటంతా మోకాళ్ళ మీద ఉండేవారనుకోకండి. బియ్యంలో రాళ్ళేరుకుంటూ, కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ ఉంటే పెదవులు కదులుతూ ఉండేవి. మర్నాడు వచ్చినవాళ్ళను ఒకటే అడిగేవారు. "ఈ పని బరువు ఎవరి మీద పడుద్ది? నీ మీదైతే చేసెయ్యి. పక్కవాళ్ళ మీదైతే ఇంకో పూట ఆగు."

ఒకసారి మా పక్కింటాయన కూతురికి వారం రోజులైనా జ్వరం విడవలేదు. ఆయన ఒక చీటీ మీద ఆసుపత్రి అనీ, ఇంకోదాని మీద ప్రార్థన అనీ రాసి, గుడిలో (చర్చిని మేం గుడే అంటాం) వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. ప్రార్థన వచ్చింది. ఇక పిల్లను గుడి అరుగు మీద పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల కళ్ళు తేలేస్తోంది. పంతులమ్మగారు వచ్చి ఆ చీటీ తీసుకుని, చదివి, మడిచి రొంటిన దోపుకున్నారు.

"ప్రార్థన నేను చేస్తా. నువ్వు బండి కట్టు."

"అది దేవుడు ఇచ్చిన చీటీ అండి" అన్నాడాయన, ఏడుస్తూ.

"మరి బుర్ర ఎవరిచ్చారు? తలపాగా చుట్టుకోడానికిచ్చాడా దేవుడు? కట్టు బండి!"

పిల్ల బతికింది. మా గుడిలో ఆరాధన చివర, మేలు పొందినవాళ్ళు లేచి అందరి ముందూ ఆ సంగతి చెప్పే అలవాటుంది. దాన్ని సాక్ష్యం అంటాం. పక్కింటాయన లేచి, అంతా ఆ చీటీ మహిమేనని సాక్ష్యం చెప్పాడు. పంతులమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ అలా ఒళ్ళు మరిచి నవ్వడం తర్వాత నేను చూడలేదు. దానికి కారణం నేనే.

మా పేటలో పిల్లలకు రెండేసి పేర్లు. గుడి పేరు బాప్తిస్మంలో పెట్టేది. బడి పేరు సర్కారు కాయితాల కోసం పెట్టుకునేది. హరిజనుల పిల్లలకు సర్కారు హాస్టలు పెట్టింది గానీ, క్రైస్తవులమని రాస్తే అందులో చోటు లేదు. గుడికి వెళ్ళినంత మాత్రాన మా గుడిసెలు మేడలయ్యాయా? ఊరి బావి దగ్గర మమ్మల్ని దూరంగా నిలబెట్టినవాళ్ళు మీ మతమేంటని అడిగి నిలబెట్టలేదు. అందుకని టౌనులో పెద్ద బళ్ళకు వెళ్ళే పిల్లలంతా రాములు, నాగమ్మలు అయిపోయేవాళ్ళు. ఆదివారం మళ్ళీ వాళ్ళే దానియేళ్ళు, కరుణమ్మలు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. మా మిషను బడి రిజిస్టరులో మాత్రం పంతులమ్మగారు గుడి పేర్లే రాసేవారు. మతం అన్న గడిలో క్రైస్తవ అనే రాసేవారు. ఎంతమంది బతిమాలినా అక్కడ ఒక్క అబద్ధం రాసి ఎరగరు. బడి పేరు కావలసినవాళ్ళు పిల్లల్ని మొదట్నుంచీ సర్కారు బడిలోనే వేసేవాళ్ళు.

నా గుడి పేరు సువార్త. మా నాన్న సున్నపురాయి క్వారీలో రాయి మీద పడి పోయాడు. అమ్మ కూలికి వెళ్ళేది. నేను ఐదో తరగతి ప్యాసయిన ఏడాది, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, అమ్మ నన్ను ఒక పెద్ద రైతు ఇంట్లో పేడ ఎత్తే పనికి కుదిర్చింది. అమ్మను తప్పు పట్టను. ఇద్దరికీ ఒక పూటే గంజి. అంతలో నందిగామ ఆడపిల్లల హాస్టల్లో సీట్లున్నాయని ఎవరో చెప్పారు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని పంతులమ్మగారి ఇంటికి లాక్కెళ్ళింది. బడి మారేటప్పుడు ఇచ్చే రికార్డు షీటు ఆవిడే రాయాలి.

"రికార్డు షీట్లో ఒక్క ముక్క మార్చి రాయండి తల్లీ. మీ కాళ్ళు పట్టుకుంటా. లేకపోతే రేపు సోమారం నుంచి ఇది పేడలోకే."

"ఒక పూట ఆగు" అన్నారు ఆవిడ. ముఖం మాత్రం అప్పటికే పాలిపోయింది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఆవిడ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "దేవుడేమన్నాడండీ?" అంది.

"ఏమీ అన్లేదు."

"అయ్యో."

"అడిగా. అడుగుతూనే ఉన్నా. ఎప్పుడూ ఏదో ఒకటి తోచేది. ఇవాళేమీ తోచలేదు" అన్నారు పంతులమ్మగారు. అంత దిక్కులేని గొంతు ఆవిడ నోట నేను అంతకు ముందు వినలేదు. నా వైపు తిరిగి, "ఏమే, చదువుతావా? ఏడవకుండా చెప్పు" అన్నారు.

"చదువుతానండి."

ఆవిడ బల్ల మీద కాపీ పుస్తకాలు పక్కకు జరిపారు. "బరువు నా మీద పడుద్ది. పిల్ల మీద పడదు. నాకు తెలిసింది అంతవరకే" అని, కాయితం తీసి, మా అమ్మను అడిగి నా పేరు నాగరత్నం అని రాశారు. అది మా అమ్మమ్మ పేరు. మతం అన్న గడిలో హిందూ అని రాసి, కలం పక్కన పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోతే లేవదీశారు.

"ఇది మంచిపనని నేనన్లేదు. తప్పే. తప్పని ఆయనకు చెప్పే రాశా" అన్నారు. తర్వాత నా గడ్డం పట్టుకుని, "నిన్నెవరన్నా అడిగితే అబద్ధం ఆడొద్దు. మా పంతులమ్మగారు రాశారని చెప్పు. నీ నోటితో నువ్వు అబద్ధం ఆడినట్టు నాకు తెలిస్తే ఈ గొడుగు విరిగిపోద్ది" అన్నారు.

సీటు దొరికింది. మొదటి రోజు వార్డెనుగారు నాగరత్నం అని మూడుసార్లు పిలిచినా నేను పలకలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను. అన్నం ముందు కూర్చుని అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని పెదవులు కదిపాను. ఆవిడ నా పక్కన ఆగి, మెల్లగా, "ఆ దండమేదో కళ్ళు తెరుచుకుని పెట్టుకోవే" అని ముందుకు వెళ్ళిపోయారు. ఇంకేమీ అడగలేదు. ఆ రోజుల్లో నాకు రెండు పూటలా అన్నం దొరకడమే పండగ. ఇంత మేలు చేసిన దేవుడికి ఏం చెయ్యాలా అని ఆలోచించాను. మా గుడిలో మేలు పొందినవాళ్ళు ఏం చేస్తారో మీకు ముందే చెప్పాను.

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. సెలవుల ఆఖరి ఆదివారం మా గుడికి, మా పాదిరి అయ్యగారి మీద అధికారి అయిన పై అయ్యగారు బెజవాడ నుంచి వచ్చారు. గుడి కిటకిటలాడుతోంది. ఆరాధన చివర, సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవమన్నారు. నేను హాస్టల్లో ఇచ్చిన కొత్త పరికిణీ కట్టుకుని లేచాను. అందరికీ వినపడాలని గొంతెత్తి చెప్పాను.

"దేవుడు నాకు హాస్టల్లో సీటిచ్చాడు. రెండు పూటలా అన్నం పెడుతున్నారు. మా పంతులమ్మగారు రికార్డు షీట్లో నా పేరు నాగరత్నం అనీ, మేం హిందువులమనీ రాశారు. అందుకని నాకు సీటొచ్చింది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అంది గుడి సగం, అలవాటు కొద్దీ. మిగతా సగానికి మాట అర్థమై నోరు పడిపోయింది. ఆ సగంలో మా అమ్మ ఉంది. పై అయ్యగారు మా అయ్యగారి వైపు చూశారు. మా అయ్యగారు నేల చూశారు. పంతులమ్మగారు ఒక్కరే నా వైపు చూస్తూ, కూర్చోమని చేత్తో సైగ చేశారు. ఇన్నేళ్ళయినా ఆ సైగ గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

ఆ మధ్యాహ్నమే గుడి పెద్దలు కూర్చున్నారు. నేను గుడి గోడకు ఆనుకుని విన్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ పిల్లలందరికీ బడి పేర్లున్నాయి. కానీ పైకి అననంతవరకూ ఒక దారి, అన్నాక ఒక దారి. "పొరపాటున రాశానని ఒక్క మాటనండి పంతులమ్మగారూ, ఇక్కడితో అయిపోద్ది" అని మా అయ్యగారు బతిమాలారు.

"పొరపాటు కాదండి. తెలిసే రాశా."

"అయితే మీరు రాసింది మీరే దిద్దాలి. హాస్టలుకు ఉత్తరం రాయండి" అన్నారు పై అయ్యగారు.

"రాస్తే పిల్లను పంపించేస్తారండి."

 చివరికి, ఆ కాయితం దిద్దేదాకా ఆవిడను ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానించారు. క్రైస్తవులు కాని పాఠకులకు చెప్పాలి. నెలకోసారి గుడిలో అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. అందులో చోటు లేకపోవడమంటే ఇంట్లో ఉండి కంచం లేకపోవడం. హెడ్డు ఉద్యోగం తీసేసి ఆవిడకు ఒకటో తరగతి ఇచ్చారు. ఆవిడ దాని గురించి ఒక్క మాట అనలేదు. రొట్టె మాట విన్నప్పుడు మాత్రం, "అలాగేనండి" అంటూ గోడ పట్టుకున్నారు.

నేను సాయంత్రం బస్సుకు సర్దిన రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆవిడ ఇంటికి పరిగెత్తాను. "నేను హాస్టలు మానేస్తానండి. పేడ ఎత్తుకుంటానండి. మీరు దిద్దేయండి" అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా చెంప మీద ఒక్కటి కొట్టారు. నన్ను కొట్టింది అదొక్కసారే.

"నిజం చెప్పినందుకు ఏడుస్తావేంటే? అడిగితే చెప్పమన్నా, నువ్వు ఎవరూ అడక్కుండానే చెప్పావు. మంచిదే. నేను పోగొట్టుకున్నది పోనే పోయింది. నువ్వు కూడా మానేస్తే అది దేనికి పోయినట్టు? పో, బస్సు పోద్ది."

నేను చదివిన ఆరేళ్ళూ ఆవిడ గుడి తలుపు దగ్గర కూర్చున్నారు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. నెల మొదటి ఆదివారం కూడా మానేవారు కాదు. అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేవారు. పాటలు అందరికంటే గట్టిగా పాడేవారు. రొట్టె పంచే వేళకు తల దించుకుని, పక్కవాళ్ళకు దారి ఇచ్చి, మోకాళ్ళు ఇంకొంచెం దగ్గరకు లాక్కునేవారు. నేను పెద్దదాన్నై మొదటిసారి బల్ల దగ్గరకు వెళ్ళిన రోజున ఆ ముక్క నా గొంతు దిగలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ నా కోసం సంతోషపడుతున్నారు. నాకు అక్కడే నేల మీద పడి పొర్లి ఏడవాలనిపించింది.

ఎస్సెల్సీ అయింది. ట్రైనింగు అయింది. నందిగామ పక్కన ఇద్దరు టీచర్ల పంచాయతీ సమితి బడిలో ఉద్యోగం వచ్చింది. ఇక ఆ కాయితం దిద్దినా హాస్టలు పోయేది లేదు గానీ, హరిజనుల కోటాలో వచ్చిన నా ఉద్యోగం దాని మీదే నిలబడి ఉంది. ఆవిడ దిద్దలేదు. పెద్దలు కూడా మెత్తబడి, కాయితం మాట వదిలేశారు. తప్పు ఒప్పుకుని, మళ్ళీ అలా చెయ్యనని గుడిలో చెబితే చాలన్నారు.

మొన్న ఎండాకాలంలో ఆవిడకు ఆయాసం ముదిరింది. మంచం మీద కూర్చునే నిద్ర. నేను పెద్దల ఇళ్ళన్నీ తిరిగాను. చేతులు జోడించాను. ఇద్దరి మీద అరిచాను కూడా. "ఆవిడ ఒక్క మాటంటే ఇప్పుడే రొట్టె పట్టుకొస్తామమ్మా, మాకు మాత్రం బాధ లేదా" అన్నారు. ఆవిడ మంచం దగ్గర కూర్చుని కాళ్ళు పట్టుకున్నాను.

"ఒక్క మాటనండి, పంతులమ్మగారూ. నా కోసం అనండి."

"తప్పని అప్పుడే ఒప్పుకున్నాగా. ఎన్నిసార్లయినా ఒప్పుకుంటా" అన్నారు. ఒక్కో మాటకూ ఊపిరి ఆపి తీసుకుంటున్నారు. "మళ్ళీ చెయ్యనని చెప్పమంటున్నారే. నీలాంటిది ఇంకొకతి వస్తే మళ్ళీ రాస్తా. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక అబద్ధానికే ఇంతయింది. రెండోది చెప్పి రొట్టె తినమంటావా?"

అంతటి ఆయాసంలోనూ ఆవిడ పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వబోయారనుకుంటాను. నాకు నవ్వు రాలేదు. దేవుడి మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. రొట్టె రాకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. అయ్యగారు సమాధి దగ్గర చిన్న ప్రార్థన చేసి, ముగించలేక మధ్యలో ఆగిపోయి, కళ్ళు తుడుచుకున్నారు. పేటంతా వచ్చింది. ఆ నాడు జ్వరం వచ్చిన పిల్ల తన ఇద్దరు పిల్లలతో వచ్చి మట్టి వేసింది.

ఇదంతా అచ్చులో చూసి ఎవరైనా పైవాళ్ళకు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే రాసుకోనివ్వండి. నాకు పదకొండేళ్ళప్పుడు తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసి చెబుతున్నాను.

మట్టిచ్చి వచ్చిన మూడో రోజున బడికి వెళ్ళాను. అరుగు మీద ఒకామె కూతురితో కూర్చుని ఉంది. పిల్ల మా దగ్గర ఐదో తరగతి ప్యాసయింది. మా రిజిస్టరులో నా ముందున్న టీచరు పిల్ల పేరు కరుణమ్మ అని రాసి, మతం గడిలో క్రైస్తవ అని పెట్టారు. తల్లి నా చేతులు పట్టుకుంది. హాస్టల్లో చేరడానికి ఇవాళే ఆఖరి రోజంట, పన్నెండు గంటల బస్సుకు వెళ్ళాలంట. ఆ కాయితం ఎలా రాయాలో నాకు చెప్పే ధైర్యం లేక, "మీకు తెలుసు కదండీ, మీకు తెలుసు కదండీ" అంటోంది.

నాకేమీ తెలియదు. ఎవరినడగను? కళ్ళు మూసుకున్నాను. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిస్తే గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బీరువాలోంచి కాయితం తీసి బల్ల మీద పెట్టాను. కలం మూత తీశాను. కాసేపైనా గడవాలని, పిల్లను దగ్గరకు పిలిచి, "నీ పేరేంటమ్మా?" అన్నాను.

పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసింది. తల్లి ముఖం చూసింది. తల్లి నేల చూసింది. అప్పుడు ఆ పిల్ల నా దగ్గరకు జరిగి, "మీరేది రాస్తే అదేనండి" అని, కాయితంలోకి చూడటానికి మునివేళ్ళ మీద నిలబడింది.